నాలుగు కోట్ల మెడ

డిటెక్టివ్ ఇర్మా టకాచ్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి రాస్కో డైట్జ్ మూడో గుద్దు గుద్దుతున్నాడు.

కుర్చీలో ఉన్న కుర్రాడు ముందుకి వంగిపోయాడు. ఊపిరి అందక నోరు తెరిచాడు గానీ గొంతులోంచి శబ్దం రాలేదు.

"చెయ్యి తియ్యి రాస్కో."

"రెండు నిమిషాలాగు ఇర్మా. దారిలోకొస్తున్నాడు."

"నీ చేతిలో అందరూ దారిలోకొస్తారు. తప్పు చెయ్యనివాళ్లు ముందొస్తారు. తియ్యమన్నానా?"

రాస్కో పిడికిలి విప్పి వేళ్లు విదిలించాడు. టొలీడో ఐరన్‌మెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి అతనే సెక్యూరిటీ అధికారి. పన్నెండేళ్ల కిందట వేరే రాష్ట్రంలో, ఓ చిన్న ఊళ్లో, ఇద్దరూ ఒకే పోలీసు కారులో తిరిగినవాళ్లు. ఒక అనుమానితుడి దవడ విరగ్గొట్టి రాస్కో సంతకం పెట్టించుకున్నాడు. కోర్టులో ఇర్మా బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పింది. అతని ఉద్యోగం పోయింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మంచి మాట లేదు.

"ఇది మా క్లబ్బు స్థలం," అన్నాడు రాస్కో. "మా ఆటగాడు కాబోయేవాడితో మేం మాట్లాడుకుంటున్నాం."

"హత్య జరిగిన చోటు. అది నా స్థలం."

"హత్య అని ఎవరన్నారు? ముసలాయన బరువెత్తబోయాడు. చెయ్యి జారింది. పోయాడు."

"మరి ఈ కుర్రాణ్ణెందుకు కొడుతున్నావ్?"

ఇర్మా కుర్రాడి దగ్గరకెళ్లి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ముఖం మీద ఒక్క గీత లేదు. దెబ్బలన్నీ డొక్కల్లో, కడుపులో. రాత్రి ఎనిమిదింటికి ఆ ముఖాన్ని దేశమంతా టీవీలో చూడాలి. కొట్టేవాడు అది మర్చిపోలేదు. నేరం ఒప్పించి జైలుకి పంపాలనుకున్నవాడైతే ముఖాన్ని కాపాడతాడా? రాస్కోకి కావలసింది ఒప్పుకోలు కాదు. ఇంకేదో కావాలి.

"బయటికి నడు," అంది.

"మా బాసుకి చెప్తాను."

"పిలుచుకునే రా. ఆయనతో కూడా పనుంది."

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. లోవెల్ క్రాబ్‌ట్రీ శవం దొరికి మూడు గంటలు కావస్తోంది.

లోవెల్ ఆ క్లబ్బుకి ఇరవై ఆరేళ్లుగా పెద్ద స్కౌటు. కాలేజీ మైదానాలన్నీ తిరిగి, ఏ కుర్రాడు పెద్ద ఆటకి పనికొస్తాడో, ఎవడు పనికిరాడో చూసి చెప్పేవాడు. అరవై ఒక్క ఏళ్లు. పొద్దున పదకొండూ నలభైకి క్లబ్బు వెయిట్ రూమ్ ఊడవడానికి వెళ్లినామె చూసింది. బెంచి మీద వెల్లకిలా పడి ఉన్నాడు. రెండు వందల పాతిక పౌండ్ల, అంటే వంద కిలోల, ఇనప బార్ గొంతు మీద అడ్డంగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

అది కూడా ఏ రోజు? డ్రాఫ్ట్ రోజు. దేశంలోని క్లబ్బులన్నీ వరస ప్రకారం ఒక్కొక్కటే కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే రోజు. ఈ ఏడు ఆ పండగ టొలీడోలోనే. నది ఒడ్డున వేదిక కట్టారు. క్లబ్బు గేటు ముందు నలభై టీవీ కెమెరాలున్నాయి.

ఇర్మా కుర్చీ లాక్కుని కుర్రాడి ఎదురుగా కూర్చుంది.

"పేరు?"

"టెవిన్ ఔస్లీ. మీకు తెలుసు కదా మేడమ్."

"నాకు ఫుట్‌బాల్ తెలీదు. శవాలు తెలుసు. వయసు?"

"ఇరవై రెండు. క్వార్టర్‌బ్యాక్‌ని, బంతి విసిరేవాణ్ణి."

"పొద్దున లోవెల్ దగ్గరికొచ్చావా?"

"లేదు."

"కుడి చేతి మెటికలు ఎందుకు చిట్లాయి?"

టెవిన్ ఆ చేతిని తొడ కింద దాచుకున్నాడు. "తలుపు తగిలింది."

"తలుపు పక్కనున్న లాకర్ తగిలింది. వెయిట్ రూమ్ బయట ఒక లాకర్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని మీద రక్తం మరక ఉంది. నీ రక్తమో కాదో తేలడానికి రెండు గంటలు చాలు. అప్పుడు అబద్ధం చెప్పినవాడివవుతావు. ఇప్పుడే చెప్పావనుకో, భయపడినవాడివవుతావు, అంతే."

టెవిన్ దాచిన చేతిని బయటికి తీశాడు. "వచ్చాను. పదింటికి. పదీ ముప్పై అయిదుకి వెళ్లిపోయాను. ఆయన బతికే ఉన్నాడు."

"ఎందుకొచ్చావు?"

"అది చెప్పను."

"హత్యానేరం నెత్తిన పడుతుంది."

"పడనివ్వండి," అన్నాడు టెవిన్. మొండితనం కాదది. లెక్కలన్నీ ముందే వేసుకుని కూర్చున్నవాడి గొంతు.

తలుపు తెరుచుకుంది. రాస్కో ముందు, వెనక జనరల్ మేనేజర్ గ్రాంట్ ఎమెరిక్. యాభై ఏళ్లుంటాయి. నీలం సూటు, చేతిలో ఫోను. ఎవర్ని కొనాలో ఎవర్ని అమ్మాలో నిర్ణయించేది అతనే.

"డిటెక్టివ్, మీ పని మీరు చెయ్యండి. నేను అడ్డం రాను. కానీ ఈ అబ్బాయి ఆరింటికల్లా వేదిక దగ్గరుండాలి."

"మీరు ఎంచుకుంటున్నారా ఇతన్ని?"

"వరసలో మూడో పేరు పిలిచే వంతు మాది. మూడో పేరుగా పిలిపించుకున్నవాడికి నాలుగేళ్లకి నాలుగు కోట్ల డాలర్లు. కాలు విరిగినా, ఆడలేకపోయినా, ఒక్క సెంటు తగ్గదు. అదే ఇరవయ్యో పేరైతే అందులో సగం కూడా రాదు. ఎన్నో పేరన్నదాన్ని బట్టే రేటు. అందులో బేరాల్లేవు."

"అడిగింది అది కాదు. ఇతన్ని ఎంచుకుంటున్నారా?"

ఎమెరిక్ కుర్రాడి వైపు చూసి గొంతు కొంచెం తగ్గించాడు. "మా వంతు పోర్ట్‌లాండ్ క్లబ్బు అడిగింది. వాళ్లకి ఇతను కావాలి. బదులుగా రాబోయే మూడేళ్లూ వాళ్ల మొదటి వంతులు మాకిస్తారు. నేనొచ్చాక ఈ క్లబ్బు నాలుగేళ్లు వరసగా ఓడింది. ఈ మార్పిడి జరిగితే నా కుర్చీ ఉంటుంది, లేకపోతే లేదు. చూశారా, దాచకుండా చెప్పాను. లోవెల్ చావుని హత్య అన్నారంటే అందరికంటే ఎక్కువ నష్టపోయేది నేను. ఎవరైనా నాలాంటివాడు ఇలాంటి రోజున హత్య చేయిస్తాడా?"

"చేయించారని నేననలేదు," అంది ఇర్మా. "మీరే అన్నారు."

రాస్కో ఒకడుగు ముందుకేశాడు. ఎమెరిక్ చేత్తో ఆపాడు.

"నేనొచ్చేదాకా ఈ కుర్రాడి మీద చెయ్యి పడితే, ఆ చేతికి బేడీ పడుతుంది," అని చెప్పి ఇర్మా వెయిట్ రూమ్‌కి నడిచింది.

శవాన్ని తీసుకెళ్లిపోయారు. వేలిముద్రల వాళ్లు కూడా శవం వెంటే వెళ్లి, ఇంకో గంటలో మళ్లీ వస్తామన్నారు. గదికి అడ్డంగా పసుపు పట్టీ ఉంది. ఇర్మా దాని కిందనుంచి దూరి, పొద్దున తీసిన ఫోటోలు ఫోన్లో తెరిచి, బెంచి ముందు నిలబడింది.

మొదట బార్ చూసింది. రెండు చివరలా బరువు ప్లేట్లు జారకుండా క్లిప్పులు బిగించి ఉన్నాయి. ఒంటరిగా పడుకుని బరువెత్తేవాడు క్లిప్పులు పెట్టడు. బరువు ఆగకపోతే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేసుకుని బతుకుతాడు. ఇరవై ఆరేళ్లు ఈ గదుల చుట్టూ తిరిగిన మనిషికి ఆ సంగతి తెలీదా?

లోవెల్ ఎడమ భుజం పాతికేళ్ల కిందటే చెడిపోయిందనీ, టోపీ పెట్టుకోవడానికి కూడా ఆ చెయ్యి పైకి లేవదనీ అతని భార్య ఫోన్లో చెప్పింది. అలాంటివాడు రెండు వందల పాతిక పౌండ్ల కింద పడుకున్నాడట.

చేతికున్న వాచీ సంగతీ ఆమే చెప్పింది. నిరుడు గుండెపోటు వచ్చాక డాక్టర్లు పెట్టించారు. గుండె కొట్టుకోవడం రాసి పెడుతుంది. ఆ వాచీ ప్రకారం పదీ యాభైకి గుండె ఒక్కసారిగా పరుగందుకుంది. ఎనిమిది నిమిషాలు అలాగే కొట్టుకుంది. పదీ యాభై ఎనిమిదికి ఆగిపోయింది.

ఎనిమిది నిమిషాలు. ఇర్మా ఆ అంకెని మళ్లీ చూసింది. బార్ జారి మీద పడితే క్షణంలో అయిపోతుంది. ఇక్కడ అడిగారు. చెప్పలేదు. నొక్కారు. మళ్లీ అడిగారు.

ఏం అడిగారు?

ఫోటోని పెద్దది చేసింది. లోవెల్ కుడి చెయ్యి తెల్లగా ఉంది. బరువులెత్తేవాళ్లు పట్టు జారకుండా అరచేతులకి సుద్దపొడి రాసుకుంటారు, నిజమే. కానీ పొడి అరచేతిలో ఆగలేదు. మోచేతి దాకా ఉంది. ఎడమ చేతికి ఒక్క రేణువు లేదు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని బార్ మీద వేలు పెట్టి రుద్దింది. ఎక్కడా తెలుపు అంటలేదు.

చేతికి పొడి ఉండి, పట్టుకున్న బార్‌కి పొడి లేదంటే, ఆ చెయ్యి ఆ బార్‌ని ముట్టుకోనే లేదు.

మరి మోచేతి దాకా ఎలా అయింది?

గది మూలలో, బెంచి పక్కనే, సుద్దపొడి డబ్బా ఉంది. నడుమెత్తు ప్లాస్టిక్ డబ్బా. చుట్టూ నేల మీద పొడి చల్లినట్టుంది. ఇర్మా తొడుగున్న చేతిని అందులో మోచేతి దాకా దింపింది. అడుగున వేళ్లకి మడిచిన కవరు తగిలింది.

లోపల ఒక ఎక్స్‌రే లాంటి ఫిల్ము. తల వెనకనుంచి భుజాల దాకా ఎముకలు. మెడలో నాలుగో ఎముక దగ్గర ఎవరో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టారు. అక్కడ ఎముక ముక్క పక్కకి జరిగి లోపలి నరాన్ని ఒత్తుతోంది. మూల చిన్న అక్షరాలు: టి. ఔస్లీ, ఏప్రిల్ 11.

కింద లోవెల్ చేతిరాత. 'ఇంకొక్క దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ పోతాయి. లేదా ప్రాణం. పిల్లాడికి చెప్పాలి.'

ఇర్మా తిరిగొచ్చేసరికి టెవిన్ ఒక్కడే కుర్చీలో పక్కకి వాలి ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో చచ్చినట్టు పడి ఉంది. మంచినీళ్ల కప్పు కింద పడి నీళ్లు కారుతున్నాయి.

ఫిల్ము అతని ముందు పెట్టింది. అతను ఒక్కసారి చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఎడమ చెయ్యి ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచి. ఊళ్లో ఫ్రెండ్స్‌తో ఊరికే ఆడుతుంటే తల కిందికి పడ్డాను. నేను విసిరేది కుడి చేత్తో కదా మేడమ్, ఎవరూ కనిపెట్టలేదు. లోవెల్ ఒక్కడే కనిపెట్టాడు. నా షూ లేసు ముడి వదులుగా ఉందని." నవ్వబోయాడు, డొక్కలు నొప్పెట్టి ఆగిపోయాడు. "వేరే ఊళ్లో ఫోటో తీయించాడు. పొద్దున పిలిచి చూపించాడు. ఎనిమిది లోపల నువ్వే లీగుకి ఫోన్ చేసి తప్పుకో, నువ్వు చెయ్యకపోతే నేను చేస్తానన్నాడు."

"అందుకు లాకర్ని గుద్దావు."

"ఆయన్ని గుద్దాలనిపించింది. గుద్దలేదు. పదేళ్లప్పట్నుంచీ ఇదొక్కటే పని నాకు తెలుసు. ఒక్కసారి పేరు పిలిస్తే చాలు. సంతకం పెట్టాక మొదటి ప్రాక్టీసులో పడిపోదామనుకున్నా. పడ్డా డబ్బు ఆగదు కదా."

"పడ్డవాడివి లేవకపోతే?"

"ఆయనా అదే అడిగాడు."

"ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్లావు?"

"కారు కడిగే చోటికి. లోపల బ్రష్‌లు తిరుగుతుంటే అద్దాలన్నీ నురగతో మూసుకుపోతాయి, బయటివాళ్లకి మనం కనిపించం. రెండుసార్లు కడిగించాను." జేబులోంచి చీటీ తీసిచ్చాడు. దాని మీద టైము ఉంది. పదీ నలభై ఏడు, మళ్లీ పదకొండూ రెండు. ఊరికి అటు చివర. లోవెల్ గుండె పరుగెత్తిన ఎనిమిది నిమిషాలూ ఈ కుర్రాడు సబ్బు నురగలో కూర్చుని ఏడుస్తున్నాడు.

"రాస్కో నిన్నేం అడిగాడు?"

"ఫోటో ఎక్కడ దాచావని. నా దగ్గర లేదంటే నమ్మలేదు."

"ఈ మాటలు కాగితం మీద రాసి సంతకం పెడతావా? పెడితే నాలుగు కోట్లూ పోతాయి."

టెవిన్ కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ వేళ్లని కదపడానికి ప్రయత్నించాడు. కదల్లేదు.

"ఆయన నాకోసం పోయాడు కదా," అన్నాడు చివరికి. "పెడతాను."

"ముందు హాస్పిటల్. అంబులెన్స్ పిలుస్తాను."

"వద్దు మేడమ్. గేటు దగ్గర కెమెరాలున్నాయి. అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. స్ట్రెచర్ మీద చూడకూడదు."

"నా కారులో తీసుకెళ్తాను, వెనక గేటు ఉంది," అన్నారు తలుపు దగ్గర్నుంచి.

క్లబ్బు ఎముకల డాక్టరు వెండల్ ఆష్‌బర్న్. తెల్ల జుట్టు, సన్నటి కళ్లద్దాలు. పొద్దున లోవెల్ నాడి చూసి పోయాడని చెప్పిందీ ఆయనే. చేతిలో మెడ పట్టీ ఉంది. టెవిన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పసిపిల్లాడికి చొక్కా తొడిగినంత మెల్లిగా ఆ పట్టీ చుట్టాడు.

"తల తిప్పకు నాయనా. అయిదు నిమిషాల దారి. డిటెక్టివ్, వాంగ్మూలం తర్వాత తీసుకుంటారు కదా?"

"గంటలో హాస్పిటల్‌కి వస్తాను," అని ఇర్మా టెవిన్ ఫోన్ నంబరు రాసుకుంది.

గేటు దగ్గర ఉన్న ఒక్క కానిస్టేబులూ విలేకరులతో సతమతమవుతున్నాడు. వెయిట్ రూమ్‌లో సాక్ష్యం కాపలా లేకుండా ఉంది. రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇర్మా గదిని ఎంచుకుంది.

కుర్రాణ్ణి పరీక్షించి, పోర్ట్‌లాండ్ నమ్మేలా మెడ బాగుందని రాసిచ్చిందెవరు? ఆ ఒక్క ప్రశ్న ఆమెకి అప్పుడు తట్టలేదు.

మూడూ అయిదుకి ఆమె సుద్దపొడి డబ్బా పక్కన వంగి ఉండగా తలుపు మూసుకున్న చప్పుడైంది.

"అది ఇటివ్వు," అన్నాడు రాస్కో.

"ఏది?"

"ఇర్మా, మనిద్దరం పసిపిల్లలం కాదు."

ఇర్మా చెయ్యి నడుం దగ్గరున్న తుపాకీ మీదికి వెళ్లింది. రాస్కో చేతిలోని అయిదు పౌండ్ల ప్లేటు అంతకుముందే గాల్లోకి లేచింది. అది మణికట్టుకి తగిలింది. తుపాకీ ఎగిరి నేల మీది పొడిలో గీత గీసుకుంటూ జారి పెద్ద కసరత్తు యంత్రం కిందికి పోయింది. భుజానికున్న రేడియో పట్టుకోబోయేలోగా అతను మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి బెంచికి కొట్టుకున్నారు. ఆమె పక్కటెముకల్లో ఏదో కలుక్కుమంది. రేడియో ఊడిపోయింది. రాస్కో బూటుతో తొక్కితే ముక్కలైంది.

ఆమె మోచేత్తో అతని మూతి మీద పొడిచింది. పళ్లు కదిలాయి. అతను రక్తం ఉమ్మేసి, ఆమె జుట్టు పట్టి బెంచి మీదికి లాగి, పక్క స్టాండు మీది ఖాళీ బార్ అందుకున్నాడు. చల్లటి ఇనుము గొంతు మీదికి వచ్చింది.

"కోర్టులో బాగా మాట్లాడావు," అన్నాడు ఆమె ముఖం మీదికి వంగి. "ఇప్పుడు మాట్లాడు."

ఇర్మా రెండు చేతులూ బార్ కింద పెట్టి తోసింది. కదల్లేదు. చూపు అంచుల్లో నల్లగా అయిపోతోంది. ఎనిమిది నిమిషాలు, అనుకుంది. లోవెల్ ఎనిమిది నిమిషాలు ఆగాడు. ఒక చెయ్యి వదిలేసింది. గొంతు ఇంకా నలిగింది. వదిలిన చేత్తో పక్కనున్న డబ్బా అంచు అందుకుని మీదికి లాగింది.

తెల్లటి పొడి ఇద్దరి మీదా కుమ్మరించినట్టు పడింది. కళ్లు, ముక్కు, నోరు నిండిపోయి రాస్కో ఊపిరాడక వెనక్కి తూలాడు. ఆమె దొర్లి నేల మీద పడింది. చేతికి అందిన పాతిక పౌండ్ల ప్లేటు రెండు చేతులతో లేపి, కనపడకుండా తడుముకుంటున్న అతని మోకాలి మీద వేసింది.

ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. రాస్కో అరవలేదు. కూలబడి, కాలు పట్టుకుని, కుక్కలా రొప్పాడు.

బేడీతో అతని చేతిని ఇనప స్టాండుకి కట్టేదాకా ఇర్మా గుటక వెయ్యలేకపోయింది. తర్వాత గోడకి ఆనుకుని దగ్గింది. దగ్గులో రక్తం పడింది.

"లోవెల్‌ని నువ్వే చంపావు."

"కాళ్లు పట్టుకున్నాను. అంతే." రాస్కో ముఖం సుద్దతో తెల్లగా ఉంది, నోటి చుట్టూ మాత్రం ఎర్రగా. "చంపుతాడనుకోలేదు. భయపెడతాడనుకున్నా. ఒక్కో అంగుళం దించుతూ అడిగాడు."

"ఎవరు?"

"నాకెక్కడ తెలుస్తుంది, గొంతులో ఏ చోట నొక్కితే మాట వస్తుందో, ఏ చోట నొక్కితే ప్రాణం పోతుందో? అవి తెలిసినవాడు." పళ్లు బయటపెట్టాడు. "మెడ బాగుందని సంతకం పెట్టినవాడు. నువ్వే కదా కుర్రాణ్ణి వాడి కారెక్కించావు."

ఇర్మా ఫోను తీసింది. అద్దం పగిలింది గానీ పనిచేస్తోంది. మూడో రింగుకి టెవిన్ ఎత్తాడు.

"టెవిన్, జాగ్రత్తగా విను. అవును, కాదు, అంతే చెప్పు. డాక్టరు నడుపుతున్నాడా?"

"అవును."

"హాస్పిటల్ నదికి ఇవతలే ఉంది. మీరు వంతెన ఎక్కారా?"

"అవును. దిగిపోయాం కూడా."

"లోవెల్‌ని చంపింది అతనే."

కారు చప్పుడులో కుర్రాడి గొంతు, తల్లితో మాట్లాడుతున్నట్టు చాలా మామూలుగా: "అవునమ్మా. బాగానే ఉన్నాను. డాక్టరుగారు నొప్పికి సూది వేస్తానంటున్నారు. ఎక్కడో ఆపి."

"ఎర్ర లైటు దగ్గర కారు ఆగుతుంది. ఆగగానే బెల్టు తీసి దిగు. తల తిప్పొద్దు. జనం ఉన్న వైపు నడువు."

"సరే అమ్మా."

ఇర్మా తన ఊపిరి తనకే వినిపిస్తుంటే లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చింది. బ్రేకు కీచుమంది. బెల్టు క్లిక్కుమంది. తలుపు తెరుచుకుంది. హారన్లు. "టెవిన్, ఏం చేస్తున్నావ్, ఆగు," అని డాక్టరు గొంతు. అడుగులు. పరుగు. ఆ తర్వాత ధబ్బుమని పడ్డ చప్పుడు.

"మేడమ్." గొంతు నేలకి దగ్గరగా వస్తోంది. "కాలు పలకడం లేదు."

"కదలొద్దు. చుట్టూ ఎవరున్నారు?"

"చాలామంది. వస్తున్నాడు. అందర్నీ తప్పుకోమంటున్నాడు. నేను డాక్టర్నండీ, వాడు నా పేషెంటండీ అంటున్నాడు. అందరూ దారిస్తున్నారు."

"ఫోన్ స్పీకర్లో పెట్టు. అందరికీ వినపడేట్టు పెట్టి పైకెత్తు."

నలిగిన గొంతులో ఉన్న బలమంతా తెచ్చుకుని ఇర్మా మాట్లాడింది. "నేను పోలీసు డిటెక్టివ్‌ని. ఇర్మా టకాచ్. తెల్ల జుట్టాయన్ని ఆ కుర్రాడి దగ్గరికి రానివ్వకండి. పొద్దున ఒకాయన్ని చంపాడు. ఇతని మెడ తిప్పితే ఇతనూ పోతాడు. ఎవరైనా అడ్డం నిలబడండి."

గుసగుసలు. డాక్టరు నవ్వుతూ ఏదో సర్దిచెప్పాడు. ఇంకో గొంతు, బొంగురుగా, "నువ్వక్కడే ఉండవయ్యా," అంది. పెనుగులాట. ఏదో గాజు పగిలింది. ఎవరో మూలిగారు. తర్వాత ఆ బొంగురు గొంతు ఫోను దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను లారీ డ్రైవర్ని. నా చేతిలో టైరు విప్పే రాడ్డుంది. ఒకటి తగిలించాను, ముసలాయన రోడ్డు మీద కూర్చున్నాడు. చేతిలో సూది ఉండేది, పగిలింది. పిల్లాడు కళ్లు తెరిచే ఉన్నాడు. ఏం చెయ్యమంటారు?"

"అంబులెన్స్‌కి, పోలీసులకి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా పిల్లాడి తల ఎవరూ ముట్టుకోకూడదు. మీరు కూడా."

"ముట్టుకోను. ఇదిగో, ముసలాయన ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. లాక్కోమంటారా?"

"ఏమంటున్నాడో వినండి."

డ్రైవరు కాసేపు ఆగాడు. "కుర్రాడు అంతా చెప్పేశాడు, ఇక నీ ఇష్టం, అంటున్నాడు. ఫిల్ము ఆమె దగ్గరే ఉందంటున్నాడు. అవతల ఎవరో గ్రాంట్ అట."

రాస్కో నవ్వు ఆపేశాడు. అతను ఇర్మాని చూడటం లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. "బాసూ, నేనేం చెప్పలేదు," అన్నాడు. ఆ గొంతులో భయం ఇర్మా అంతకుముందెప్పుడూ వినలేదు.

ఆమె తిరిగింది. గ్రాంట్ ఎమెరిక్ గది లోపలే నిలబడి ఉన్నాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. "సరే వెండల్, నేను చూసుకుంటాను," అని మెల్లిగా చెప్పి దాన్ని జేబులో వేసుకున్నాడు. నేల మీద ఇర్మా తుపాకీ జారిన గీత సుద్దపొడిలో యంత్రం దాకా స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె కంటే అతనే దానికి నాలుగడుగులు దగ్గర.

కళ్లు ఆ గీత మీదే ఉంచి, అతను చెయ్యి వెనక్కి పెట్టి తలుపు గడియ వేశాడు.